స్టే ఉన్న గట్టు

యంత్రం తన పొడుగాటి గొట్టాన్ని నీలిరంగు డ్రమ్ములో ముంచి, గుటక వేసినట్టు చప్పుడు చేసి, ఊరుకుంది. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాని పచ్చలైటు వంకే చూస్తోంది. డాక్టర్ షాహీన్ తెర మీద కదులుతున్న గీతలు చూస్తోంది. పాక పక్కన కట్టేసిన ఎర్రావు ఈ ఇద్దరినీ చూస్తూ నెమరు వేస్తోంది.

"ఈ నమూనాలో తల్లిమట్టి ఆనవాళ్ళు లేవు. ధన్యవాదములు," అంది యంత్రం.

"ప్రాణం లేదని చెప్పి మళ్ళా దండం పెడతాందేందమ్మా ఇది?" అంది ఓబులమ్మ.

"దానికి మర్యాద నేర్పించాం పెద్దమ్మా. మొహమాటం నేర్పించలేదు," అంది షాహీన్. నవ్వబోయి, ఓబులమ్మ కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయింది.

ఈ కథ ఇంకా జరగలేదు. జరిగేనాటికి మనలో కొందరం ముసలివాళ్ళం అయివుంటాం, కొందరం ఇందులో చెప్పబోయే మట్టిలోనే కలిసిపోయి ఉంటాం. అందుకని ఆ కాలం సంగతి కాస్త ముందుగా చెప్పుకోవడం మంచిది.

ఆ కాలానికి కొన్నేళ్ళ ముందు గోళీ ఎరువు అని ఒకటి వచ్చింది. గోళీకాయంత గుండ్రంగా, ముత్యంలా మెరుస్తూ ఉండేది. మొక్కకొకటి పాతేస్తే పంట చేతికొచ్చేదాకా అదే కొంచెం కొంచెంగా కరుగుతూ తిండి పెట్టేది. రైతులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పెట్టుకోరా మరి, మొదటి పంటలు అలా విరగకాశాయి! కానీ నేలలో కంటికి కనిపించని ఇంకో సంసారం ఉంది. వేళ్ళకి చుట్టుకుని సన్నటి బూజుదారాలు బతుకుతుంటాయి. వేరు చేరలేని చోటికి అవి పాకి నీళ్ళూ సత్తువా తెచ్చిపెడతాయి. బదులుగా వేరు వాటికి చక్కెర పెడుతుంది. మనిషి పుట్టకముందు నుంచీ నడుస్తున్న ఇచ్చిపుచ్చుకోవడం ఇది. పక్కనే గోళీ దొరికేసరికి వేరు ఆ దారాలకి చక్కెర పెట్టడం మానేసింది. దారాలు ఆకలికి చచ్చిపోయాయి.

అవి పోయాక నేల మొద్దుబారింది. వాన పడితే నీళ్ళు పైనే నిలబడి ఎండిపోయేవి. విత్తనం మొలిచి రెండాకులు వేసి, పసుపుపచ్చగా అక్కడే ఆగిపోయేది. గోళీలు వాడటం మానేసినా లాభం లేకపోయింది, ఎందుకంటే వాటి పైపూత నేలలోనే ఉండిపోయి ఎండాకాలం వేడెక్కినప్పుడల్లా మిగిలిన దారాల్ని కూడా చంపుతోంది. ఒక్కొక్కరే విసిగిపోయి పొలాలు సోలార్ కంపెనీలకి అప్పగించారు. చింతమాకులపల్లె చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా పలకలే. ఆ పలకల మధ్య పచ్చగా మిగిలినవి పక్కపక్కన ఉన్న రెండే రెండు చిన్న తోటలు. ఒకటి ఓబులమ్మది, రెండోది చెన్నకేశవులుది.

ఓబులమ్మకి అరవై దాటాయి. భర్త రామాంజులు పోయాక ఒంటిచేత్తో ఆ తోటని నడుపుకొస్తోంది. గోళీ ఎప్పుడూ ముట్టని మనిషి కాదు, అందరితో పాటు ముట్టి, అందరికంటే ముందు భయపడి మానేసిన మనిషి. ప్రతి వసంతంలో డ్రమ్ము నిండా జీవామృతం కలిపి మడులకి పోసుకుంటుంది. అది పోస్తే నేల మెత్తబడుతుంది, పోయకపోతే లేదు. ఈ ఏడు పోసింది, అయినా మెత్తబడలేదు. ఉగాది లోపు మడులు మేలుకోకపోతే విత్తనం వేసి లాభం లేదు. పలకలవాళ్ళ మనిషి ఇప్పటికే గేటు దగ్గర నవ్వుతూ తిరుగుతున్నాడు. ఆయన మంచివాడే, కానీ ఆ నవ్వు చూస్తే ఓబులమ్మ గేటుకి గొళ్ళెం వేసుకుంటుంది.

ఇక యంత్రం సంగతి. దాని అసలు పేరు పలకడానికి షాహీన్ కూడా ఊపిరి తీసుకోవాలి. ఊళ్ళో మాత్రం దాన్ని మట్టిముక్కు అంటారు. పాలక్యాను అంత ఉంటుంది, చక్రాల మీద కుక్కపిల్లలాగా వెంట వస్తుంది. అది చేసే పని ఏమిటంటే, మట్టిలోని సూక్ష్మజీవుల వంశం చెప్పడం. ఏ జీవి అయినా పిల్లని పుట్టించేటప్పుడు తన డీఎన్‌ఏని చూసిరాత రాస్తుంది. చూసిరాతలో ఎక్కడో ఒక అక్షరం తప్పుపోతుంది. ఆ తప్పు పిల్లకీ, పిల్ల పిల్లకీ వెళ్తుంది. ఒకే తప్పులున్న రెండు జీవులు కనిపిస్తే అవి ఒకే ఇంటివని అర్థం, ఎన్ని ఎక్కువ తప్పులు పోగుపడితే ఆ ఇల్లు అంత పాతది. ముక్కూ చెవులూ చూసి ఫలానా వాళ్ళ మనవరాలివి కదూ అని చెప్పే ముసలమ్మలు చేసేదీ ఇదే పని, కాకపోతే వాళ్ళకి బ్యాటరీ అక్కర్లేదు. పాత వంశాలు ఇంకా బతికున్న మట్టిని షాహీన్ తల్లిమట్టి అని పిలిచేది. అది ఎక్కడ దొరికితే అక్కడి నుంచి మొద్దునేలలకి మళ్ళీ ప్రాణం పోయొచ్చని ఆమె ఆశ. కడపలో పుట్టి, ఎక్కడెక్కడో చదివి, ఆ ఆశతోనే తిరిగొచ్చి ఊరూరా మట్టి వాసన చూస్తోంది.

"పెద్దమ్మా, నిరుటిదాకా ఈ డ్రమ్ము పనిచేసింది కదా. ఈసారి ఏం మార్చారు?" అని అడిగింది షాహీన్.

"ఏం మార్చలేదమ్మణ్ణీ. అదే ఆవు, అదే పేడ, అదే పంచితం. బెల్లం వేసినా, ఉలవపిండి వేసినా. పొద్దున సాయంత్రం కట్టెతో తిప్పినా. ప్రతి ఏడూ రెండోనాటికి పండిన పండు వాసన వచ్చేది. ఈసారి మురిగిన వాసన."

"గుప్పెడు గట్టు మట్టి?"

"గట్టు మట్టే వేసినా," అంది ఓబులమ్మ. ఆ మాట మాత్రం ఎర్రావు వంక చూస్తూ అంది.

తోటలో మిగతా వసంతపు పనులన్నీ అయిపోయాయి. మడులు లేపి, కానుగ చిగుళ్ళు కోసి కప్పి ఉన్నాయి. బీరకీ కాకరకీ పందిరి నిలబెట్టి పురికొసలు కట్టింది. బూడిదలో దాచిన విత్తనాలు తీసి, బీజామృతంలో దొర్లించి, నీడన ఆరబెట్టింది. సొరబుర్రలో దాచిన చిక్కుడు గింజలు కూడా చాటలోకి వచ్చి కూర్చున్నాయి. గాలి వీచినప్పుడల్లా వేపపూత వాటి మీద రాలుతోంది. పెళ్ళికి అన్నీ సర్దుకుని పెళ్ళికూతురు నిద్ర లేవకపోతే ఎలా ఉంటుందో, ఆ తోట అలా ఉంది.

షాహీన్ యంత్రాన్ని నిరుటి మడిలోకి తోసింది. గొట్టం దిగింది, గుటక పడింది.

"తల్లిమట్టి కుటుంబం. గత సంవత్సరం జీవించినది. ప్రస్తుతం మృతము. ధన్యవాదములు."

"నిరుడు తల్లిమట్టి ఉందన్నమాట!" షాహీన్ గొంతులో ఉత్సాహం దాగలేదు. "ఎక్కడి నుంచి తెచ్చారు పెద్దమ్మా?"

"గట్టు మీద నుంచి అంటి గదా."

"ఏ గట్టు?"

ఓబులమ్మ తోట చివర వేలు చూపించింది. అక్కడ గట్టు లేదు. కొత్తగా చదును చేసిన మడులు వరుసగా ఉన్నాయి. వాటి కొసన జేసీబీ పళ్ళ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

ఇక్కడ గట్టు కథ చెప్పాలి. ఓబులమ్మ తోటకీ కేశవులు తోటకీ మధ్య మంచమంత వెడల్పు గట్టు ఒకటి ఉండేది. రామాంజులూ కేశవులూ ఒకప్పుడు ఒకే చుట్టని చెరిసగం తాగిన స్నేహితులు. ఆ గట్టు మీది కానుగ కొమ్మ ఎవరు నరకాలన్న మాట మీద మొదలై, గట్టు ఎవరిదన్న దాకా వెళ్ళి, కోర్టుకెక్కారు. తేలేదాకా ఎవరూ గట్టు మీద కాలు పెట్టకూడదని కోర్టు స్టే ఇచ్చింది. అలా ఇరవై రెండేళ్ళు ఆ గట్టుని ఎవరూ దున్నలేదు, నరకలేదు. గోళీల కాలం వచ్చి వెళ్ళింది, గట్టు మీద ఒక్క గోళీ పడలేదు. కానుగలు పెరిగి, ఆకు రాలి, ఆకు మీద ఆకు కుళ్ళి, తంగేడు మొలిచి, చీమలు పుట్టలు పెట్టి, ఉడతలు సంసారాలు పెట్టి, అది దాని బతుకు అది బతికింది. మొన్న మాఘమాసంలో తీర్పు ఓబులమ్మకి వచ్చింది. రామాంజులు ఫోటోకి దండ వేసి, సంతోషం పట్టలేక మర్నాడే జేసీబీని పిలిపించి, పొదలు తగలబెట్టించి, గట్టు చదును చేయించి మడులు వేసుకుంది. తన మొగుడు చూడలేకపోయిన గెలుపుని పండించి చూద్దామనుకుంది పాపం.

యంత్రం ఆ కొత్త మడిలో గొట్టం దించి, ఈసారి చాలాసేపు తీసుకుంది.

"తల్లిమట్టి కుటుంబం. అతి పురాతన నివాసం ఇదే. ప్రస్తుతం మృతము. కారణములు: మంట, ఎండ, తవ్వకం. ధన్యవాదములు."

ఓబులమ్మ మడి గట్టున కూలబడిపోయింది. గట్టుని తన చేతులతో తనే చంపుకుందన్న సంగతి ఆమెకి యంత్రం చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

షాహీన్ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మనసులో ఇంకో లెక్క తిరుగుతోంది. గట్టు మొన్నటిదాకా స్టేలో ఉంది. మట్టి మాత్రం ప్రతి ఏడూ డ్రమ్ములోకి వచ్చింది.

"పెద్దమ్మా, గట్టు మీద కాలు పెట్టలేదని మీరు కోర్టులో ప్రమాణం చేశారట కదా?"

"చేసినా," అంది ఓబులమ్మ నేల చూపులు చూస్తూ. "గుప్పెడు మట్టికి కాలెందుకమ్మా, చెయ్యి చాపితే అందుతాది."

షాహీన్‌కి నవ్వాగలేదు. అప్పుడే యంత్రం మళ్ళీ మోగింది. దాని అలవాటు అది. కొత్త వంశం తెలిస్తే, అంతకుముందు ఏ ఇంటివో తేలక పక్కన పెట్టిన నమూనాలన్నిటితో తనంతట తనే పోల్చి చూస్తుంది.

"ఇదే కుటుంబం సజీవముగా ఒక చోట కలదు. నిన్నటి నమూనా. స్థలం: చెన్నకేశవులు గారి తోట. ధన్యవాదములు."

"దొంగ!" అని లేచింది ఓబులమ్మ. "నా గట్టు మట్టి! స్టే ఉన్న గట్టు! కోర్టులో నెత్తిన చెయ్యి పెట్టుకొని చెప్పినాడు, ఆ పక్కకే పోలేదని!"

షాహీన్ ఆమె వంక చూసింది, అంతే. ఓబులమ్మ మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"చట్టం ప్రకారం ఆ మట్టి మీదే," అంది షాహీన్ కాసేపటికి. "కావాలంటే నా రిపోర్టు పట్టుకుని వెళ్ళి అడగొచ్చు. ఇవ్వనంటే పోలీసుల్ని పిలవొచ్చు. కానీ ఒక మాట. జిల్లా అంతా తిరిగాను పెద్దమ్మా. ఈ వంశం బతికున్నది ఆయన దగ్గర ఒక్కచోటే. ఆ నమూనా నిన్న ఆయన నాకు ఒక కుండలోంచి చిటికెడు తీసిచ్చాడు. కోపంలో ఆయన ఆ కుండ పగలగొట్టాడంటే, ఇక ఎవరికీ లేదు."

ఓబులమ్మ పొద్దు వంక చూసింది. అది ఇంకా పలకల మీద మెరుస్తోంది. లేచి పాకలోకి వెళ్ళి, ఒక ఇత్తడిగిన్నె తీసి, కొంగుతో తుడుచుకుని బయటికొచ్చింది.

"రా అమ్మణ్ణీ. దీపం పెట్టకముందే పోవాల."

చింతమాకులపల్లెలో ఒక పద్ధతి ఉంది. పాలకి తోడు అడిగినవాళ్ళని లేదనకూడదు. మాటలు లేని ఇల్లయినా, కొట్టుకున్న ఇల్లయినా, గిన్నె పట్టుకుని గడప ముందు నిలబడితే చెంచాడు పెరుగు వేయాల్సిందే. అడిగేవాళ్ళు గడప దాటకూడదు, దీపాలు పెట్టాక అడగకూడదు. ఈ పద్ధతి ఉన్నా, ఓబులమ్మ ఇన్నేళ్ళూ ఊరికి ఆ చివరున్న ఇంటికి పోయి తోడు తెచ్చుకుంది కానీ పక్కనే ఉన్న కేశవులు గడప తొక్కలేదు. అంత రోషం గల మనిషి.

కేశవులు అప్పుడు వాకిట్లో కూర్చుని బీర పందిరికి పురికొస పేనుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, మీసాలు తెల్లబడ్డ మనిషి. ముందు ఓబులమ్మనీ, ఆమె చేతిలో గిన్నెనీ, వెనక దొర్లుకుంటూ వస్తున్న మట్టిముక్కునీ చూసి చేతిలో కొస అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"తోడు కావాల," అంది ఓబులమ్మ గడప బయట నిలబడి.

"పాలకా?"

"డ్రమ్ముకి."

కేశవులు చేతిలో కొస చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. షాహీన్ ఆయన్నే చూస్తోంది. ఆమె యంత్రం జిల్లాలో ఎన్నో నమూనాలు చూసింది కానీ, ఇప్పుడు ఈ మనిషి మొహంలో ఏముందో చెప్పగల శక్తి దానికి లేదు.

ఆయన లోపలికి వెళ్ళాడు. ఒక పాత కుండని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి గడప మీద పెట్టాడు. పైన తడి గోనెగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీయగానే తొలకరి వాసన వాకిలంతా పరుచుకుంది. ఆ వాసన కోసమే తను ఇన్నాళ్ళూ తిరిగిందని షాహీన్‌కి అప్పుడు అనిపించింది.

"నీ గట్టే ఇది," అన్నాడు కేశవులు. "జేసీబీ వచ్చిన దినం కానుగ మొదట్లో నుంచి తట్టెడు ఎత్తుకొచ్చినా. తీర్పు నీకు వచ్చినాక ఎత్తుకొచ్చినా. అది దొంగతనమే. కేసు పెట్టుకుంటే పెట్టుకో."

"నేను గూడా ప్రతి ఏడూ ఎత్తుకొచ్చినా," అంది ఓబులమ్మ. "స్టేలో ఉన్నప్పుడు."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"మిట్టమధ్యాన్నం ఊరంతా నిద్రపోతా ఉంటే దూడను అదిలించుకుంటా వస్తావు. దూడ లేని ఏడు గూడా హేయ్ హేయ్ అని అరుచుకుంటా వస్తివి."

ఓబులమ్మ మొహం ఎర్రబడింది. "నువ్వేం తక్కువా? తెల్లారుతూనే చెంబు పట్టుకొని వచ్చేటోడివి. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించుకున్నాక గూడా చెంబు ఎందుకప్పా నీకు?"

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నాది బయటపడదా?"

కేశవులు మీసాల కింద ముందు నవ్వు మొదలైంది. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. షాహీన్ సంగతి సరేసరి. ఇరవై రెండేళ్ళు ఒకరి దొంగతనాన్ని ఒకరు కంటికి రెప్పలా కాపాడుకున్న ఆ ఇద్దరూ ఆ గడపకి అటూ ఇటూ నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

అది తగ్గాక కేశవులు గిన్నె తీసుకుని, కుండలో చెయ్యి పెట్టి, నిండా ఒత్తి ఇచ్చాడు. "సగం కుండ గూడా పట్టుకుపో వదినా. రామాంజులన్న ఉంటే అంతా ఇచ్చేటోడ్ని."

వదినా అన్న పిలుపు ఓబులమ్మ చెవిన పడి ఎన్నేళ్ళయిందో. గిన్నె గుండెకి హత్తుకుని వెనక్కి తిరిగింది. ఆమె నడుస్తున్నంతసేపూ వెనక యంత్రం ఎవరూ అడగకుండానే ధన్యవాదములు ధన్యవాదములు అంటూ వచ్చింది. దాని సెన్సార్‌లో ఏదో ఇరుక్కుందని షాహీన్ తర్వాత చెప్పింది. ఓబులమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు.

పాత డ్రమ్ము పారబోసి, కొత్తగా కలిపి, ఆ మట్టి వేశారు. రెండోనాటికి పైన తెల్లటి నురగ కట్టి, పండిన పండు వాసన వచ్చింది. మడులకి పోస్తే నీళ్ళు నిలబడకుండా గుటగుట ఇంకిపోయాయి. ఉగాది నాటికి నేలలో వేలు పెడితే వేలు దిగింది. ఆ పొద్దు ఓబులమ్మ చిక్కుడు గింజలు ఒక్కొక్కటే నేలకి అప్పగించి, ప్రతి గింజకీ లోపల దండం పెట్టుకుంది. ఆవుకి, కానుగకి, కుండకి, పక్కింటి మరిదికి, కడప పిల్లకి. ఆఖరికి యంత్రానికి కూడా వేపపూత గుచ్చి మెడలో వేసింది. దానికి మెడ లేదు కాబట్టి గొట్టానికి వేసింది. కేశవులు ఇంటి నుంచి ఉగాది పచ్చడి వచ్చింది, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఓళిగలు, అదే బొబ్బట్లు, వెళ్ళాయి. పలకలవాళ్ళ మనిషి గేటు దగ్గర నిలబడి చూసి, రెండు ఓళిగలు తిని వెళ్ళిపోయాడు.

కానీ కుండలో మట్టి ఎన్నాళ్ళు వస్తుంది? పచ్చడి తింటూనే షాహీన్ అసలు మాట చెప్పింది. "మిగిలిన మట్టిని మళ్ళీ గట్టు కట్టి అందులో వేయాలి. కానుగలు నాటాలి. ఆ తర్వాత ఏమీ చేయకూడదు. దున్నకూడదు, కొట్టకూడదు, శుభ్రం చేయకూడదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టకూడదు."

"అంతే గదా," అంది ఓబులమ్మ. "ముట్టను."

కేశవులు ఆమె వంక చూశాడు. "వదినా, నీ గురించి నాకు తెలీదా? ఖాళీగా ఉన్న నేల కనపడితే నీ చెయ్యి ఊరుకోదు. వచ్చే ఏడే ఆ మూల గోంగూర వేస్తావు."

"గోంగూర వేస్తే ఏమైతాది?" అని ఆమె వెంటనే అడిగింది. అడిగాక తనే నాలిక కరుచుకుంది.

"గట్టు నా చేతికిచ్చినా నేను మాత్రం ఊరుకుంటానా? నేనూ రైతునే." కేశవులు చెయ్యి కడుక్కుంటూ ఆలోచించాడు. "ఇన్నేళ్ళు మన ఇద్దరి చేతుల్నీ కట్టేసి పెట్టింది ఒకటే."

ఇద్దరూ ఒకేసారి ఆ మాట అందుకున్నారు. "స్టే!"

సైన్సుకి పాతికేళ్ళు ఇచ్చిన షాహీన్ ఆ రోజు ఓళిగ చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయింది. నేలని ముట్టకుండా కాపాడే పథకం ఏ శాఖలోనూ లేదు, ఆమె వెతికి చూసింది కూడా. ఏదైనా చేస్తామంటే సాయం చేసేవాళ్ళు ఉన్నారు కానీ, ఏమీ చేయం అన్నవాళ్ళకి సాయం చేసే కాగితం ఎక్కడా తయారు కాలేదు.

ఇద్దరూ కలిసి గట్టు మళ్ళీ కట్టి, కుండలో మట్టి వేసి, కానుగలు నాటారు. చైత్రం వెళ్ళకముందే కేశవులు పైకోర్టులో అప్పీలు వేశాడు. వేయమని రోజూ గుర్తుచేసింది ఓబులమ్మే. గట్టు తనదేనని కేశవులు నిజంగానే నమ్ముతాడు, తనదేనని ఓబులమ్మ కూడా నమ్ముతుంది, కాబట్టి ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేకపోయింది. అప్పీలు తేలేదాకా గట్టు ఎవరూ ముట్టకూడదని మళ్ళీ స్టే వచ్చింది. ఆ రోజు ఓడినట్టు మొహం పెట్టమని లాయరు చెబితే ఓబులమ్మ చాలా కష్టపడింది.

ఏడాది గడిచింది. మట్టిముక్కు సంగతి ఊరూరా పాకింది. ఎక్కడెక్కడ పాత తగాదా గట్లున్నాయో అక్కడల్లా తల్లిమట్టి దొరుకుతోందని షాహీన్ రిపోర్టు రాసింది. దాంతో జనం తగాదాలు వెతుక్కున్నారు. కలిసిమెలిసి ఉన్న అన్నదమ్ములు నవ్వుకుంటూ వచ్చి గట్ల మీద దావాలు వేశారు. దాయాదులు లేనివాళ్ళు పక్కవాళ్ళని బతిమాలి మరీ తగువు పెట్టుకున్నారు. వియ్యంకులు ఇద్దరైతే స్టే కాగితానికి పసుపు రాసి ఇంటికి తీసుకెళ్ళారు. పాత మొద్దునేలల మధ్య సన్నటి పచ్చగీతలు మొలుస్తున్నాయి.

మళ్ళీ వసంతం వచ్చింది, చింతమాకులపల్లె గట్టు కేసు విచారణకి వచ్చింది. అయితే ఈసారి కొత్త జడ్జి. పాత కేసులన్నీ దులిపేస్తాడని పేరున్న మనిషి. ఓబులమ్మా కేశవులూ ఒకే బస్సులో, ఒకే టిఫిన్ క్యారియరుతో వచ్చారు. కోర్టు గుమ్మం దగ్గర మాత్రం చెరో పక్కకి విడిపోయారు.

"ఇరవై మూడేళ్ళ నాటి గట్టు! ఇంత చిన్న కేసు ఇన్నాళ్ళా?" అన్నాడు జడ్జి కాగితాలు తిరగేస్తూ. "ఈ పూటే తేల్చేస్తాను."

ఓబులమ్మకి గట్టు కళ్ళ ముందు మెదిలింది. కానుగలు ఇంకా మోకాలెత్తు దాటలేదు. కేశవులు వంక చూస్తే ఆయన ఒంటిచేత్తో కండువా కొస పేనుతున్నాడు.

"మీ ఇద్దరి మధ్య రాజీకి అవకాశం ఉందా?"

"లేదు సార్!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

జడ్జి తలెత్తాడు. ఆయన కళ్ళు ఓబులమ్మ చేతిలోని క్యారియరు మీద పడ్డాయి. ఆ క్యారియరు గిన్నె ఒకటి కేశవులు రెండో చేతిలో ఉంది, హడావిడిలో తిరిగి ఇవ్వడం మర్చిపోయాడు. కాగితాల్లో ఉన్న రిపోర్టు చూసి, అది రాసిన షాహీన్‌ని జడ్జి సాక్షిగా పిలిచాడు. షాహీన్ నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గోళీలు, దారాలు, కుండ, తోడు, దూడ లేని అదిలింపులు, చెంబు, అన్నీ. అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది.

జడ్జి కాగితాలు మూసి పక్కన పెట్టాడు.

"డాక్టర్ గారూ," అన్నాడు జడ్జి చివరికి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఆ గట్టు పూర్తిగా మేలుకోవడానికి ఎంత కాలం కావాలి?"

"ఎంత ఆలస్యమైతే అంత మంచిదండీ."

"అలాగైతే మీరు సరైన చోటికే వచ్చారు." ఆయన మొహంలో నవ్వు లేదు, గొంతులో మాత్రం ఉంది. "లోతుగా పరిశీలించాల్సిన కేసు. స్టే కొనసాగుతుంది. వాయిదా."

ఓబులమ్మ ఎక్కడుందో మర్చిపోయింది. చేతులు రెండూ ఎత్తి దండం పెట్టి, "నీ కడుపు చల్లగుండ నాయనా! ప్రతి ఏడూ ఇట్లనే వాయిదా వేస్తా నూరేళ్ళు బతుకు!" అంది.

వాయిదా వేసినందుకు దీవెన అందుకున్న జడ్జిని ఆ కోర్టు అదివరకు చూడలేదు. బంట్రోతు నిశ్శబ్దం అని అరవబోయి మానుకున్నాడు. ఆ సాయంత్రం బస్సు దిగి, దీపాలు పెట్టకముందే, ఓబులమ్మ గట్టు దగ్గరికి గిన్నె పట్టుకుని వెళ్ళింది. కేశవులు తన పందిరి కింద ఉండి ఆమెని చూశాడు. చూసి, స్టేని గౌరవిస్తూ, మొహం అటు తిప్పుకున్నాడు.